ముందు మెడ చూడు: చర్చిలో పడుకున్న రాతి నైట్ ఏ కాలం వాడో తెల్సుకోవడం

తమ్ముడూ, నీ ఫోటోలన్నీ పెద్దవి చేసి నిదానంగా చూశా. లెస్టర్‌లో చదువుకుంటూ ఆదివారం పూట సైకిలేసుకుని పల్లెటూరి చర్చిలు తిరుగుతున్నావంటే నాకు చాలా సంతోషంగా ఉంది, అందుకే కాస్త పొడుగ్గానే రాస్తున్నా. చదివే మిగతావాళ్ళ కోసం ఒక ముక్క: తమ్ముడు చూసిన చర్చిలో రెండు సమాధులున్నాయి. మొదటిదాని మీద కాలు మీద కాలేసుకుని పడుకున్న రాతి నైట్ (పాతకాలం గుర్రపు యోధుడు), పక్కన పెట్టిన కాగితంలో "మూడో క్రూసేడ్‌కి వెళ్ళొచ్చి 1192లో చనిపోయిన వీరుడు" అని రాసుంది, క్రూసేడ్ అంటే జెరూసలేం కోసం యూరప్ క్రైస్తవులు చేసిన యుద్ధయాత్ర. రెండోది తెల్లటి అలబాస్టర్ రాయిలో భార్యాభర్తలు పక్కపక్కన, పేరూ లేదు ఏడాదీ లేదు. కవచం, బట్టలు చూసి కాలం చెప్పొచ్చంటారే అది నిజమేనా, ఎంత దగ్గరగా చెప్పొచ్చు అని అడిగాడు.

చెప్పొచ్చు. కాకపోతే అలా తెలిసేది ఆ మనిషి చనిపోయిన ఏడాది కాదు, ఆ బొమ్మ చెక్కిన కాలం. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే ఇంగ్లండ్ చర్చిల్లో సగం తప్పులు పుడుతున్నాయి. నేను ఈ దేశం వచ్చి పంతొమ్మిదేళ్ళయింది, అందులో పదిహేనేళ్ళుగా సెలవు రోజుల్లో సమాధుల్ని కొలిచి ఫోటోలు తీసి రికార్డు రాసే వాలంటీర్లతో తిరుగుతున్నా, తిరిగిన ప్రతి జిల్లాలో ఇదే కనపడింది.

మీ మొదటి నైట్ సంగతి చూద్దాం. ఒళ్ళంతా గొలుసు కవచం, అంటే ఇనప రింగులు ఒకదాంట్లో ఒకటి గుచ్చి అల్లిన చొక్కా, అదే అల్లికతో తలకి కూడా ముసుగు. దాని మీద చేతుల్లేని పొడుగు గుడ్డ అంగీ, దాన్ని సర్కోట్ అంటారు. ఎడమ చేతికి చిన్న డాలు. ఇంతవరకు చూస్తే ఏ కాలమైనా కావచ్చు అనిపిస్తుంది. కానీ మూడో ఫోటోలో మోకాలు చూడు, అక్కడ అల్లిక లేదు, నున్నటి గిన్నె బోర్లించినట్టు ఒక చిప్ప ఉంది, దాని అంచు కూడా తెలుస్తోంది. ఆ మోకాలి చిప్పలు ఇంగ్లండ్ బొమ్మల మీద 1250 తర్వాతే మెల్లగా కనపడతాయి. 1192లో చనిపోయిన మనిషికి ఆ రోజుల్లోనే చెక్కిన బొమ్మ అయ్యే ఛాన్సే లేదు. అసలు ఈ దేశంలో కవచంతో పడుకున్న రాతి నైట్ బొమ్మల్లో బాగా తొలినాటిది అని చెప్పుకునే సాల్స్‌బరీ కతీడ్రల్‌లోని విలియం లాంగెస్పీది, ఆయన చనిపోయిందే 1226లో. చేతుల మీద రేకు ముక్కలు లేవు, భుజాల దగ్గర నిలబెట్టే చదరపు పలకలు లేవు కాబట్టి మీ వాడిని నేను 1270 నుంచి 1310 మధ్య పెడతా.

మరి కాలు మీద కాలు వేసుకుంటే క్రూసేడ్‌కి వెళ్ళొచ్చినట్టు కదా అని అడుగుతావు, ప్రతి చర్చిలో పెద్దవాళ్ళు ఇదే చెప్తారు, ప్రేమగా చెప్తారు. కానీ దానికి ఆధారం ఏమీ లేదు. 13వ శతాబ్దం మధ్య నుంచి 14వ శతాబ్దం మధ్య దాకా ఇంగ్లండ్ శిల్పులకి నచ్చిన పోజ్ అది, కాళ్ళు అలా వేస్తే సర్కోట్ మడతలు అందంగా పక్కకి జారతాయి, పడుకున్న బొమ్మలో కదలిక వస్తుంది. క్రూసేడ్ మొహం చూడని వాళ్ళు కూడా అలాగే పడుకుని ఉన్నారు. గ్లాస్టర్ కతీడ్రల్‌లో నార్మండీ డ్యూక్ రాబర్ట్ కర్ట్‌హోస్ బొమ్మ ఉంది, ఓక్ చెక్కతో చేసి రంగులేసింది, కాలు మీద కాలు ఉంది, ఆయన నిజంగానే మొదటి క్రూసేడ్‌కి వెళ్ళాడు. చూశావా కుదిరింది అంటారు. కానీ ఆయన చనిపోయింది 1134లో, ఆ బొమ్మ 13వ శతాబ్దంది, అంటే ముత్తాతకి మునిమనవళ్ళ కాలం కవచం తొడిగారు. ఆ కాళ్ళు వాటిని చెక్కిన వాళ్ళ కాలం గురించే చెప్తాయి.

ఇక ఫార్ములా కావాలన్నావు కదా, నా అలవాటు చెప్తా. చాలామంది ముందు కత్తి చూస్తారు, డాలు చూస్తారు. నువ్వు మాత్రం ముందు మెడ చూడు. కవచంలో అన్నిటికంటే ఎక్కువ తలనొప్పి పెట్టిన చోటు మెడే, తల తిరగాలి, కత్తి దిగకూడదు, ఊపిరి ఆడాలి, అందుకని కవచాలు చేసేవాళ్ళు అక్కడే మాటిమాటికీ కొత్తది కనిపెట్టారు. 1330ల దాకా తలా మెడా కలిపి ఒకటే గొలుసు ముసుగు. 1340ల నుంచి తలకి కోసుగా ఉండే బాసినెట్ హెల్మెట్, దాని అంచుకి తాడుతో కట్టి భుజాల మీదకి వేలాడే గొలుసు తెర, దాన్ని అవెంటైల్ అంటారు, ఇది సుమారు 1410 దాకా. ఆ తర్వాత ఆ తెర పోయి మెడ చుట్టూ గట్టి రేకు వస్తుంది. 1440ల నుంచి హెల్మెట్ తీసేసి బోడి తలతో, మెడకి చిన్న గొలుసు కాలర్‌తో చెక్కడం మామూలవుతుంది. 1560 తర్వాత చూస్తే కవచం పైన కుచ్చుల కుచ్చుల రఫ్ కాలర్, 1620లు దాటితే భుజాల మీదకి పడిపోయే లేసు కాలర్. శరీరంలో ఈ జానెడు చోటు చూస్తే నాలుగు వందల ఏళ్ళల్లో నువ్వు ఎక్కడున్నావో తెలిసిపోతుంది, తర్వాత మోకాలు, మోచెయ్యి, నడుం చూసి ఇంకా దగ్గరికి రావచ్చు.

నడుం కూడా మంచిదే. 1360 నుంచి 1410 దాకా ఒంటికి అతుక్కున్న పొట్టి అంగీ, జూపాన్ అంటారు, దాని మీద తుంటి దగ్గర కిందకి జారినట్టు ఉండే బరువైన బిళ్ళల బెల్టు. ఇది కనపడితే నాకు వెంటనే కాంటర్‌బరీలో ఎడ్వర్డ్ యువరాజు గుర్తొస్తాడు, బ్లాక్ ప్రిన్స్ అంటారే ఆయన. 1410 తర్వాత అంగీ తీసేసి మెరిసే రేకు బయటికి చూపిస్తారు, కింద లంగాలాగా వరసలుగా వలయాలు. 1430ల్లో ఆ వలయాలకి తొడల మీదకి వేలాడే పలకలు తగులుతాయి. పాదాలు 15వ శతాబ్దమంతా కోసుగా ఉండి 1500 వచ్చేసరికి మొద్దుగా వెడల్పుగా ఎలుగుబంటి పాదాల్లా అయిపోతాయి.

ఒక రూల్ మర్చిపోకు: బొమ్మలో అన్నిటికంటే కొత్తగా ఉన్న ముక్కే లెక్క. పాత ముక్కలు ఎన్నైనా ఉండనీ. పాత గొలుసు చొక్కా తాత నుంచి మనవడికి వస్తుంది, శిల్పి కూడా పాత నమూనా చూసి చెక్కుతాడు, కానీ ఇంకా పుట్టని మోకాలి చిప్పని ఎవడూ చెక్కలేడు.

అలాగని కవచం ఒక్కదాన్నే నమ్మినా దెబ్బ తింటాం. సర్రీలో స్టోక్ డబర్నన్ అనే ఊరి చర్చిలో నేలలో పరిచిన ఇత్తడి పలక మీద సర్ జాన్ డబర్నన్ నిలువెత్తు బొమ్మ ఉంటుంది, చేతిలో ఈటె, డాలు మీద నీలం ఎనామెల్ ఇప్పటికీ ఉంది. ఒంటి నిండా గొలుసు, మోకాలికి చిప్పలు, అంతే. ఎన్నో ఏళ్ళు దాన్ని 1277 అని, ఇంగ్లండ్‌లో మిగిలిన ఇత్తడి బొమ్మల్లో అదే మొదటిదని అందరూ రాశారు. తర్వాత అక్షరాల తీరు, అదే వర్క్‌షాప్‌లో తయారైన వేరే పలకలు, కుటుంబంలో ఏ జాన్ ఎప్పుడు పోయాడు అన్నీ కలిపి చూస్తే 1327 దగ్గరికి వచ్చింది. యాభై ఏళ్ళు జరిగింది! కేంబ్రిడ్జ్ పక్కన ట్రంపింగ్టన్‌లో సర్ రోజర్ పలక కూడా అంతే, 1289 అనుకున్నది 1320ల్లోకి వచ్చింది. ఆ రెండూ నేను చూశాను, కవచం మాత్రమే చూస్తే నేను కూడా పాత ఏడాదే చెప్పేవాణ్ణి. అందుకే 1250 నుంచి 1330 మధ్య కవచం చూసి పదేళ్ళ లోపు చెప్తానంటే ఎవరినీ నమ్మకు, అప్పుడు మార్పు నిదానం. 1330 నుంచి 1480 మధ్య మార్పు పరుగెత్తింది, అక్కడ పది పదిహేనేళ్ళకి తేవచ్చు.

ఇప్పుడు మీ అలబాస్టర్ దంపతులు. ఈయన మెడకి రేకు ఉంది, అవెంటైల్ లేదు, కాబట్టి 1410 దాటింది. తల కింద దిండు బదులు పెద్ద యుద్ధపు హెల్మెట్ పెట్టుకున్నాడు. గడ్డం లేదు, ఇది కూడా ఆ కాలానికి సరిపోతుంది, 14వ శతాబ్దం చివర్లో మీసాలు గడ్డాలు ఉండేవి, 1410ల నుంచి చాలా కాలం నున్నగా గీసుకున్న మొహాలే. మెడలో కాలర్ ఉంది చూశావా, బాగా అరిగిపోయింది కానీ ఎడమ భుజం దగ్గర రెండు ఎస్‌లు పక్కపక్కన తెలుస్తున్నాయి. అది అప్పట్లో రాజ్యమేలిన లాంకాస్టర్ వంశం తమ మనుషులకి ఇచ్చే కాలర్, ఇంగ్లీష్ అక్షరం ఎస్ వరసగా గుచ్చినట్టుంటుంది. ఆవిడ తలకి రెండు పక్కలా చెవుల మీద పెట్టెల్లాంటి వలలు, వాటి మీద పల్చటి ముసుగు. అన్నీ కలిపితే 1415 నుంచి 1430. ఈ జంట విషయంలో నాకు అనుమానం చాలా తక్కువ.

కాలర్ల గురించి ఆగి చెప్పాలి, ఎందుకంటే నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన బొమ్మ కాలర్ వల్లే ఇష్టం. 1461లో యార్క్ వంశం ఎడ్వర్డ్ 4 రాజయ్యాక ఎస్ కాలర్ పోయి సూర్యులు గులాబీలు ఒకదాని పక్కన ఒకటి ఉండే కాలర్ వచ్చింది. దాని కింద వేలాడే బిళ్ళ రాజుని బట్టి మారుతుంది, ఎడ్వర్డ్‌కి సింహం, రిచర్డ్ 3కి అడవిపంది. డెర్బీషైర్‌లో నార్‌బరీ అనే చిన్న ఊరి చర్చిలో సర్ రాల్ఫ్ ఫిట్జ్‌హర్బర్ట్ సమాధి ఉంది, ఆయన 1483లో పోయాడు. అలబాస్టరే. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు నవంబరు సాయంత్రం, లోపల చీకటి, మోకాళ్ళ మీద కూర్చుని టార్చ్‌ని పక్కనుంచి ఏటవాలుగా వేస్తే అప్పుడు కనపడింది, ఛాతీ మీద కాలర్ చివర ఇంతంటే ఇంత పంది. రిచర్డ్ 3 రాజుగా ఉన్నది 1483 జూన్ నుంచి 1485 ఆగస్టు దాకా, బాస్‌వర్త్ యుద్ధంలో ఆయన చనిపోయి శత్రువు రాజయ్యాక ఆ పందిని తండ్రి సమాధి మీద చెక్కించే ధైర్యం ఎవరికుంటుంది. అంటే ఆ గోరంత పంది ఆ మొత్తం బొమ్మని రెండేళ్ళ సందులో పెట్టేసింది. ఇలాంటి పంది బిళ్ళ ఉన్న సమాధి బొమ్మ వేరేది మిగల్లేదు. నువ్వుండేది లెస్టర్, 2012లో అదే రిచర్డ్ ఎముకలు మీ కార్ పార్క్ కింద దొరికాయి కదా, బాస్‌వర్త్ కూడా మీ జిల్లాలోదే, కాబట్టి నార్‌బరీ తప్పకుండా వెళ్ళు.

ఆడవాళ్ళ బొమ్మల్ని చాలామంది దాటేసి పోతారు, అది పెద్ద తప్పు, భర్త కవచం కంటే భార్య తలకట్టు చాలాసార్లు దగ్గరగా చెప్తుంది. 13వ శతాబ్దంలో గడ్డం కింద నుంచి చుట్టిన గుడ్డ, పైన ముసుగు. 1350ల తర్వాత మొహం చుట్టూ అలలు అలలుగా కుచ్చులు. 1400 దాటాక చెవుల మీద వలల పెట్టెలు, 1420ల నుంచి అవి పైకి లేచి కొమ్ముల్లా అవుతాయి. 1470లు 80ల్లో తల వెనక తీగల మీద పరిచిన పల్చటి గుడ్డ, సీతాకోకచిలుక రెక్కల్లాగా. 1490ల నుంచి 1540 దాకా ఇంటి కప్పులాగా కోసుగా నిలబడే హుడ్. ఒంటి మీద బట్ట మాత్రం మోసం చేస్తుంది, పక్కలు బాగా లోతుగా కోసేసిన సర్కోట్ ఒకటుంటుంది, దాన్ని రోజూ వేసుకోవడం మానేసిన చాలా కాలం తర్వాత కూడా పెద్దింటి ఆడవాళ్ళకి గౌరవం కోసం సమాధి మీద చెక్కుతూనే పోయారు. వితంతువులైతే ఇంకా జాగ్రత్త. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో యూఎల్మ్ అనే ఊరి చర్చిలో సఫోక్ డచెస్ (డ్యూక్ భార్య) ఆలిస్ చాసర్ బొమ్మ చూడు, 1475లో పోయింది, ఎడమ చేతికి గార్టర్ పట్టీ (ఇంగ్లండ్ రాజులిచ్చే గౌరవ చిహ్నం) కట్టుకుని, మొహం చుట్టూ పాతకాలం ముసుగుతో ఉంటుంది, తల ఒక్కటే చూస్తే ఏ కాలమో చెప్పడం కష్టం. పాదిరీల బట్టలు కూడా అంతే, రెండు మూడు వందల ఏళ్ళు దాదాపు ఒకేలా ఉంటాయి, అక్కడ అక్షరాలే దిక్కు.

చనిపోయిన ఏడాదికీ బొమ్మకీ తేడా ఎంతుంటుందో కాగితాలు మిగిలిన చోట్ల చూస్తే అర్థమవుతుంది. నార్తాంప్టన్‌షైర్‌లో లోవిక్ అనే ఊళ్ళో రాల్ఫ్ గ్రీన్ 1417లో పోతే, ఆయన భార్య కాథరిన్ తరఫున 1419లో చెలాస్టన్ (డెర్బీషైర్‌లో అలబాస్టర్ పనికి పేరున్న ఊరు) శిల్పులు థామస్ ప్రెంటిస్, రాబర్ట్ సట్టన్‌లతో ఒప్పందం రాసుకున్నారు, 40 పౌండ్లు, 1420 ఈస్టర్‌కి పని పూర్తవ్వాలి, మొగుడూ పెళ్ళాం చెయ్యి చెయ్యి పట్టుకుని ఉండాలి అని కూడా అందులో రాశారు. ఇది తక్కువ తేడా. వార్విక్‌లో ఎర్ల్ రిచర్డ్ బోషాం 1439లో ఫ్రాన్స్‌లోని రూవాన్‌లో పోయాడు, ఆయన లోహపు బొమ్మ పోత పోసింది పదేళ్ళు దాటాక, ఒంటి మీదున్నది 1450 నాటి మిలాన్ కవచం, ఆయన ఎప్పుడూ తొడిగి ఉండడు. చేతుల మీద నరాలు కూడా కనపడతాయి. 19వ శతాబ్దం మొదట్లో చార్ల్స్ స్టోథార్డ్ అనే చిత్రకారుడు దాన్ని తిరగేయించి చూస్తే ఎవరికీ కనపడని వీపు వైపు కూడా ప్రతి పట్టీ, ప్రతి బకిల్ వదలకుండా చేసి ఉన్నాయి. కాంటర్‌బరీ ఎడ్వర్డ్ 1376లో పోయాడు, ఇటీవల లోపలికి చిన్న కెమెరా పంపి పరీక్షించిన పరిశోధకులు బొమ్మ దాదాపు పదేళ్ళ తర్వాతదని అంటున్నారు, అయినా కవచం మాత్రం ఆయన బతికున్నప్పటిదే. అటుపక్క రిచర్డ్ 2 రాజైతే తన రాణి ఆన్ 1394లో పోగానే మరుసటి ఏడాదే తనకీ ఆవిడకీ కలిపి బొమ్మలు ఆర్డర్ ఇచ్చేశాడు, బతికుండగానే.

ఇంకా పెద్ద గొయ్యి ఒకటుంది. డరం జిల్లాలో చెస్టర్-లీ-స్ట్రీట్ చర్చిలో లమ్లీ ప్రభువు 1590ల్లో తన పూర్వీకులని చెప్పి 14 బొమ్మలు వరసగా పడుకోబెట్టించాడు. కొన్ని మాత్రం నిజంగా పాతవి, మిగతావన్నీ పాతవాటిలా అప్పుడు చెక్కించినవి, వంశం ఎంత పాతదో చూపించుకోడానికి. వాటి కవచాలు జాగ్రత్తగా చూస్తే రకరకాల కాలాల ముక్కలు కలిసిపోయి ఉంటాయి, ఏ కాలంలోనూ ఎవరూ అలా తొడుక్కోలేదు. అలా కలగాపులగంగా కనపడితే నకలు అనుకోవాలి, లేదా రిపేర్. ముక్కులు, చేతులు, పాదాలు విక్టోరియా రాణి కాలంలో కొత్తగా అతికినవే ఎక్కువ. 1840ల్లో ఎడ్వర్డ్ రిచర్డ్‌సన్ అనే శిల్పి లండన్ టెంపుల్ చర్చి నైట్‌లని, చిచెస్టర్‌లో చెయ్యి చెయ్యి పట్టుకుని పడుకున్న అరండెల్ దంపతులని బాగుచేశాడు, చిచెస్టర్‌లో ఆ పట్టుకున్న చేతులు ఇప్పుడు కనపడుతున్నవి ఆయన చెక్కినవే. అందుకే పాదం కోసుగా ఉందని ఏడాది చెప్పే ముందు అది పాత రాయో కాదో చూడాలి.

ఇది మనకేం కొత్త కాదు తమ్ముడూ. మన ఊళ్ళల్లో పొలం గట్టు మీద వీరగల్లు చూసి ఉంటావు, పైన సూర్యుడు చంద్రుడు, కింద కత్తి డాలు పట్టుకున్న వీరుడు, శాసనం లేకపోతే సిగ ముడి, కత్తి ఆకారం, పంచె కట్టు చూసే ఏ కాలమో చెప్తారు. తిరుమల గుడిలో దేవేరులతో దణ్ణం పెడుతూ నిలబడ్డ కృష్ణదేవరాయల నెత్తిన ఆ పొడుగు కుళ్ళాయి చూడగానే విజయనగరం అని మనకి తెలిసిపోవడం కూడా ఇదే చూపు.

మళ్ళీ ఆ చర్చికి వెళ్ళినప్పుడు ఈ ఫోటోలు తియ్యి: మెడ పక్కనుంచి, మోచెయ్యి లోపలి మడత, మోకాలు వెనక, డాలు కింద దాగిన నడుం. ఫ్లాష్ వద్దు, టార్చ్ ఏటవాలుగా పట్టుకో. మీ మొదటి నైట్ తొడ దగ్గర నున్నగా ఉన్న చోటుని రేకు అనుకోకు, చాలా బొమ్మలకి రాయి మీద సున్నపు పూత వేసి అందులో గొలుసు అల్లిక అచ్చొత్తి రంగేసేవాళ్ళు, పూత రాలితే కింద నున్నటి రాయి మిగులుతుంది, మడతల లోపల ఎరుపో నీలమో చుక్కంతైనా మిగిలిందేమో చూడు. అలబాస్టర్‌ని వేలితో రుద్దకు, గోరు తగిలినా గీత పడే మెత్తటి రాయి. గోడ మీద ఎక్కడైనా డాలు గుర్తులుంటే అవీ తియ్యి, ఒకే డాలులో నాలుగు గళ్ళుగా ఇంగ్లండ్ సింహాలు, ఫ్రాన్స్ పువ్వులు కలిసి ఉంటే అది 1340 తర్వాతదే. ఆవిడ చెవి పక్కన వల మీద ఏదో చిన్న పువ్వు గుర్తులాంటిది ఉంది, నీ ఫోటోలో మసకగా వచ్చింది, అది ఒక్కటి దగ్గరగా తీసి పంపు, నేను ఇదివరకు రికార్డు చేసిన చెలాస్టన్ పనితో పోల్చి చూస్తా.